వాన వెలిశాక కుక్కతో అడవి బాట: ఏ లక్షణానికి ఏం చేయాలి

జోరువాన తర్వాత అడవి బాట ఎక్కితే కుక్కకు పండగే. తడి గాలిలో వాసనలు బాగా అందుతాయి, ప్రతి పొదా దానికి కొత్తగానే ఉంటుంది. వాన పడిందని కుక్కను ఇంట్లో కట్టేయడం నాకు నచ్చదు. కాకపోతే తడి బాట తెచ్చిపెట్టే ఇబ్బందులు చాలావరకు అక్కడికక్కడే కనబడవు. ఆ రాత్రో, మర్నాడో, కొన్నయితే వారం తర్వాతో బయటపడతాయి. ఇంటికొచ్చాక బురదను చాలామంది శ్రద్ధగానే కడుగుతారు, తడి ఆరబెట్టడం దగ్గరే వదిలేస్తారు. కింద రాసినవాటిలో సగం అక్కడే మొదలవుతాయి.

కుంటుతోంది, లేదా ఒక కాలు ఎత్తి పెట్టుకుంటోంది

పాదం నుంచే మొదలుపెట్టండి. కుక్కను పక్కకు పడుకోబెట్టి, వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, మధ్య సందుల్లోకి చూడండి. ముల్లు ఉంటుందని వెతుకుతాం గానీ, ఎక్కువసార్లు దొరికేది మట్టి ఉండ. బంకమట్టి వేళ్ల మధ్య వెంట్రుకలకు పట్టుకుని, నడిచేకొద్దీ గట్టిపడి, శనగగింజంత రాయిలా తయారవుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ అది లోపలికి ఒత్తుకుంటుంది, చుట్టూ ఉన్న వెంట్రుకల్ని లాగుతుంది. దాన్ని పీకొద్దు, చర్మం రేగిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో పాదాన్ని నాలుగైదు నిమిషాలు నాననిచ్చి వేళ్లతో నలిపితే కరిగిపోతుంది. దారిలో అయితే సీసాలోని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ నలపండి. బయల్దేరే ముందే ఆ వెంట్రుకల్ని మొన లేని కత్తెరతో ప్యాడ్ల మట్టానికి కత్తిరిస్తే ఈ గొడవ చాలా తగ్గుతుంది.

ఉండ కనబడకపోతే అరికాలి ప్యాడ్లు చూడండి. ఎక్కువసేపు నానితే ప్యాడ్ పైతోలు మెత్తబడుతుంది. పొడి నేల మీద ఏమీ చేయని గులకరాయి, విరిగిన పుల్ల అప్పుడు సులువుగా కోసేస్తాయి. తెగిన చోట మట్టి పోయేదాకా శుభ్రమైన నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూడాలనిపిస్తుంది, చూడొద్దు. గడ్డకడుతున్న రక్తం మళ్లీ కదిలిపోతుంది. కట్టు కడితే వదులుగా కట్టండి, తడిస్తే వెంటనే మార్చండి. తడి కట్టు కంటే కట్టు లేకపోవడమే మేలు. గాయం లోతుగా ఉన్నా, అంచులు విచ్చుకున్నా, రక్తం ఆగకపోయినా వెట్ (పశువైద్యుడి) దగ్గరికి వెళ్లాల్సిందే. ముందు కాళ్ల లోపలివైపు కాస్త పైన ఉండే గోరును కూడా మర్చిపోవద్దు. అది వేర్లకు తగులుకుని చీలుతుంటుంది.

పాదంలో ఏమీ లేదు, కానీ వెనక కాలు నేలకు ఆనించడం లేదంటే బురదలో జారి మోకాలి లిగమెంట్ దెబ్బతిని ఉండొచ్చు. ఎత్తుకోగలిగితే ఎత్తుకునే తీసుకురండి. బరువు అసలు మోపకపోతే అదే రోజు చూపించండి. కాస్త కుంటుతోందంతే అయితే పరుగులు, మెట్లు మాన్పించి, మర్నాటికీ తగ్గకపోతే వెళ్లండి. నొప్పి తగ్గుతుందని మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం ఇవ్వొద్దు. కుక్కకు అవి విషంగా మారతాయి.

మర్నాడు కూడా పాదాలు నాకుతూనే ఉంది

వేళ్ల సందులు ఎర్రగా, జిగటగా, పులిసిన వాసనతో ఉంటే లోపల తడి మిగిలిపోయిందని అర్థం. ఆ తడిలో బ్యాక్టీరియా, ఈస్ట్ పెరుగుతాయి. నాకేకొద్దీ ఇంకా తడుస్తుంది, దురద పెరుగుతుంది. పాదాలు కడిగి, పొడి తువ్వాలు కొసను ప్రతి సందులోకీ దూర్చి అద్దండి. రెండు రోజుల్లో ఎరుపు తగ్గకపోతే మందు పడాలి. ఒత్తు జుట్టు కుక్కల్లో ఇదే కథ ఒంటి మీద కూడా జరుగుతుంది. నిన్న ఏమీ లేని చోట ఈరోజు అరచేతంత పచ్చిపుండు కనబడుతుంది. అందుకే పైజుట్టు తుడిచి ఊరుకోకుండా, వేళ్లతో పాయలు తీసి చర్మం దాకా ఆరబెట్టాలి.

వాలులో జారుతోంది, లాగి మనల్నీ పడేస్తోంది

నీళ్లు బాగా పీల్చుకున్న బంకమట్టి మీద గోళ్లకు పట్టు దొరకదు. దొరకనప్పుడు కుక్క నెమ్మదించకుండా ఇంకా వేగంగా దూకుతుంది. కాలర్‌కు కట్టి ఉంటే ఆ కుదుపు మెడ మీద పడుతుంది. హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీల అమరిక) వేసి, లీష్‌ను, అంటే మనం పట్టుకునే తాడును, వీపు మీది కొక్కేనికి తగిలించండి. లీష్‌ను చేతికి చుట్టుకోవద్దు, జారినప్పుడు వేళ్లు విరిగేది అందుకే. దిగుడులో కుక్కను మన వెనకే నడిపించడం ఇంట్లో మెట్ల మీద ముందే నేర్పించొచ్చు.

బాట మధ్య బురదగుంట వస్తే పక్క నుంచి పోవాలనిపిస్తుంది. దయచేసి మధ్యలోంచే నడవండి. పక్కకు తప్పుకునేకొద్దీ మొక్కలు నలిగి బాట వెడల్పవుతుంది, మరుసటి వానకు ఆ అంచులు కూడా కొట్టుకుపోతాయి. అడుగు చీలమండ దాకా దిగిపోతుంటే బాట ఇంకా నడకకు సిద్ధంగా లేదు, వెనక్కి తిరగండి. పొంగే వాగు దగ్గర మాత్రం రెండో ఆలోచన వద్దు. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్ల కాళ్లనే తప్పించగలవు. నీళ్లు ఎర్రగా, అడుగు కనబడకుండా ఉంటే దాటొద్దు.

వణుకుతోంది, చురుకు తగ్గింది

తడిసిన జుట్టు, దానికి గాలి తోడైతే ఎండాకాలంలోనైనా ఒళ్లు చల్లబడుతుంది. పిల్లలు, ముసలివి, పొట్టి జుట్టువి, బక్కపలచటివి ముందు దెబ్బతింటాయి. కుక్క మామూలు ఉష్ణోగ్రత దాదాపు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 37 కంటే దిగితే డాక్టర్ కావాలి. తువ్వాలుతో అద్ది ఆరబెట్టి, పొడి దుప్పటి చుట్టి, గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసాను పొట్ట దగ్గర పెట్టండి. కాళ్లు గట్టిగా రుద్దడం, వేడినీళ్లలో కూర్చోబెట్టడం వద్దు. వణుకు ఆగి కుక్క మత్తుగా పడుకుంటే తేరుకుందనుకుని నిశ్చింతగా ఉండేరు! అప్పుడే పరిస్థితి ముదిరినట్టు.

తోక వేలాడేసింది

చూడగానే తోక విరిగిందని టెన్షన్ పడతారు. తోక మొదట్లో కాస్త అడ్డంగా ఉండి, అక్కడి నుంచి తాడులా కిందికి జారిపోతుంది. కూర్చోవడానికి కూడా ఇబ్బంది పడుతుంది. చల్లటి నీళ్లలో ఈది, లేదా తడిసి చలికి వణికాక తోక కండరాలు పట్టేస్తే ఇలా అవుతుంది. వేటజాతుల్లో ఎక్కువ. విశ్రాంతి ఇస్తే సాధారణంగా కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి ఎక్కువుంటే వెట్ మందు రాస్తారు. మీరు మాత్రం తోకను ఎత్తి చూడొద్దు.

తల విదిలిస్తోంది, చెవి గోక్కుంటోంది

వేలాడే చెవుల లోపల తడి త్వరగా ఆరదు. బయట కనిపించేంత మేర మెత్తటి గుడ్డతో తుడవండి, దూదిపుల్ల లోపలికి పెట్టొద్దు. చెడు వాసన, గోధుమరంగు గులిమి, ముట్టుకుంటే నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్. వాయిదా వేయొద్దు, ఎందుకంటే అదేపనిగా విదిలిస్తే చెవి రెక్కలో రక్తనాళం చిట్లి ఉబ్బిపోతుంది.

చంకల్లో ఎర్రగా ఒరుసుకుపోయింది

తడిసిన హార్నెస్ పట్టీ, దాని కింద ఇసుక. నడక అయిపోగానే విప్పండి, కడిగి పూర్తిగా ఆరాకే మళ్లీ వేయండి.

చర్మానికి ఏదో అంటుకుని ఉంది, లేదా ఒక ముక్కు రంధ్రంలోంచే రక్తం వస్తోంది

పిడుదు ఎక్కడైనా పట్టుకోవచ్చు గానీ చెవి లోపల, కాలర్ కింద, చంకల్లో, వేళ్ల మధ్య, తోక కింద ముందు వెతకండి. కళ్లతో కంటే వేలి కొసలతోనే త్వరగా దొరుకుతుంది. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనుకుని పట్టి, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. కిరసనాయిలు, నూనె, నిప్పు వద్దు. మూతిముక్క మిగిలితే తవ్వొద్దు, అదే బయటికొస్తుంది.

జలగయితే సన్నటి కొస దగ్గర గోరు దూర్చి పక్కకు జరపండి, తర్వాత లావుపాటి కొస. జలగ లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది కాబట్టి కాసేపు కారుతుంది, గుడ్డతో నొక్కి ఉంచితే ఆగుతుంది. గుంటలోనో వాగులోనో నీళ్లు తాగాక తుమ్ములు, ఒకే ముక్కు రంధ్రం నుంచి రక్తం వస్తుంటే జలగ లోపలికి దూరి ఉండొచ్చు. ఇంట్లో ప్రయత్నించకుండా డాక్టర్‌తోనే తీయించండి.

వాంతులు, విరేచనాలు, తిండి మానేసింది

కొద్ది రోజుల్లో మొదలైన జిగట విరేచనాలకు గుంటనీళ్లలోని జియార్డియా అనే పరాన్నజీవి కారణం కావచ్చు. మలం శాంపిల్ పట్టుకెళ్తే పరీక్ష సులువు. అదే రోజు వాంతులు మొదలై, అది దారిలో పుట్టగొడుగు నమిలిందనే అనుమానం ఉంటే ఆగొద్దు. ప్రాణాంతకమైన కొన్ని రకాలు తిన్న 6 నుంచి 12 గంటల తర్వాతే వాంతులు మొదలుపెట్టిస్తాయి, మధ్యలో కోలుకున్నట్టు కనిపించి తర్వాత కాలేయాన్ని దెబ్బతీస్తాయి. నమిలిన ముక్క దొరికితే కాగితంలో చుట్టి తీసుకెళ్లండి.

నాకు అన్నిటికంటే భయం లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, ఇతర జంతువుల మూత్రంతో వానగుంటల్లో చేరే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు ఇది. ఆ నీళ్లు తాగితేనే కాదు, నానిన చర్మంలోంచి, చిన్న గీరుడులోంచి కూడా ఆ బ్యాక్టీరియా లోపలికి పోతుంది. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో జ్వరం, నీరసం, వాంతులు, ఒళ్లునొప్పులు, అతిగా దాహం, కళ్లు, చిగుళ్లు పచ్చబడటం కనబడతాయి. మూత్రపిండాలు, కాలేయం రెండూ దెబ్బతినొచ్చు. తొందరగా పట్టుకుంటే యాంటీబయాటిక్స్ బాగా పనిచేస్తాయి. టీకా ఉంది. మొదట 2 నుంచి 4 వారాల ఎడంతో రెండు మోతాదులు, తర్వాత ఏటా ఒకటి. వానల్లో బాటలెక్కే కుక్కకు ఇది తప్పనిసరి అని నేనంటాను. ఇంటి నుంచి తీసుకెళ్లిన నీళ్లే తాగించండి.

ఇది మనుషులకూ సోకుతుంది. జబ్బుపడిన కుక్క మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. వెట్ దగ్గరికి వెళ్లినప్పుడు, వారం పది రోజుల కిందట బురదనీళ్లలో తిరిగిందన్న మాట మీరే ముందుగా చెప్పండి. ఆ మధ్యలో మీకూ జ్వరం వస్తే మీ డాక్టర్‌కూ అదే చెప్పండి.