పాత బాలల కథను మళ్లీ అచ్చు వేయాలంటే
విశాఖపట్నంలో బడిపిల్లల కోసం పాత కథను పుస్తకంగా వేయదలచినవారు ముందుగా రచయిత మరణించిన సంవత్సరాన్ని నిర్ధారించుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఆ మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 ఏళ్లపాటు హక్కు కొనసాగుతుంది కాబట్టి, 1965లో మరణించిన రచయిత కథపై హక్కు 2025 డిసెంబరు 31తో ముగిసింది.

అసలు చిక్కు అనువాదాల్లోనూ బొమ్మల్లోనూ ఉంది. 1875లో మరణించిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ మూలకథలపై ఇప్పుడు ఎవరికీ హక్కు లేకపోయినా, వాటిని తెలుగు చేసినవారికీ, బొమ్మలు గీసినవారికీ విడివిడిగా హక్కులు ఉంటాయి. ఆ లెక్క వారి వారి మరణ సంవత్సరాలను బట్టి వేయాలి. చిత్రకారులను చాలామంది మరచిపోతారు, అది వారికి అన్యాయం. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం వంటి చోట పాత ప్రతి దొరికితే, లోపలి పేజీలోని పేర్లన్నీ, తొలి ముద్రణ సంవత్సరంతో సహా రాసుకోండి. హక్కు ఇంకా మిగిలి ఉంటే, హక్కుదారుల నుంచి అనుమతిని రాతపూర్వకంగానే తీసుకోండి.