పిల్లల చదువు ఛానల్‌కి కార్టూన్ యాడ్ గీసే ముందు

☐ స్క్రిప్టు పైకి చదివి టైమ్ చూసుకోండి. డబ్బింగ్ ముందే ముగించండి. సెకనుకు 24 చొప్పున 30 సెకన్లకి 720 ఫ్రేములు. తర్వాత ఒక్క మాట మార్చినా పెదవుల కదలిక మళ్లీ గీయాలి.

☐ మెరుపులు సెకనుకు మూడు దాటకూడదు. 1997లో జపాన్‌లో ఒక కార్టూన్‌లోని ఎరుపు, నీలం మెరుపులకి వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

☐ ఏనుగు గొడుగుతో ఎగరొచ్చు, కానీ మేడ మీంచి దూకి కాదు. చూసిన పిల్లలు అదే చేయబోతారు.

☐ ఎంత అల్లరి కథైనా తెర మీది లెక్క, అక్షరం తప్పు కాకూడదు. టీచర్‌కి చూపించండి, ముఖ్యంగా ఒత్తులు.

☐ ‘ఫస్ట్ ర్యాంకు గ్యారంటీ’ వద్దు.

☐ పాట హక్కులు కాగితం మీద.