కొబ్బరి గొయ్యి తీసే ముందు: పెరట్లో పాతిన వైరు, పైపు జాడ పట్టడం

కొబ్బరి మొక్కకి పొడవు, వెడల్పు, లోతు మీటరు చొప్పున గొయ్యి తీయమంటారు. ఎల్.టి. కేబుల్‌ని, అంటే ఇళ్ళకి కరెంటిచ్చే తక్కువ వోల్టేజి కేబుల్‌ని, 0.75 మీటరు లోతున పాతమని కేబుళ్ళ పనికి ఉన్న భారత ప్రమాణం ఐ.ఎస్. 1255 చెబుతుంది. అంటే పద్ధతిగా పాతిన కేబుల్ కూడా మన గోతికి అడ్డొస్తుంది. ఇళ్ళల్లో బోరుకి వేసుకున్న వైరైతే అడుగు లోతున ఉంటే గొప్ప. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటల్ని నేలకూల్చాక ఇంటింటా మళ్ళీ గోతులు తీశాం. నేను కరెంటు పని, పైపుల పని రెండూ చేస్తాను. ఆ తర్వాత వచ్చిన కంప్లయింట్లలో కొన్నింటికి మూలం ఆ గోతుల్లోనే దొరికింది.

సమస్య: వాన పడిన రోజే మోటారు ట్రిప్ అవుతోంది

ఇది సోంపేట దగ్గర మా పెరట్లోనే జరిగింది. గొయ్యి తీస్తుంటే గునపం దేనికో మెత్తగా తగిలి వెనక్కి తన్నింది. వేరనుకుని పక్కకి జరిగి తవ్వాను. మోటారు బాగానే తిరిగింది. వానాకాలం వచ్చాక మొదలైంది, తడిస్తే ట్రిప్, ఎండితే మామూలు.

కారణం: వైరు పై తొడుగుకి గాటు పడింది. మాది ఇసుక నేల, పొడిగా ఉన్నన్నాళ్ళూ ఏమీ తెలియదు. నీరు చేరగానే కరెంటు నేలలోకి లీకవుతుంది. అప్పుడు ఆ తడి నేల మీద చెప్పుల్లేకుండా నడిచే పిల్లలకి ప్రమాదం. అందుకే ఎన్నిసార్లు ట్రిప్పయినా అన్నిసార్లూ స్విచ్ పైకెత్తడం మానండి.

పరిష్కారం: చాలామంది ముందు బోరులోంచి మోటారు పైకి లాగిస్తారు. ఆ ఖర్చు తర్వాత. మెయిన్ ఆపి, స్టార్టర్ దగ్గరా బోరు మూతి దగ్గరా వైరు రెండు కొసలూ విప్పించండి. మధ్యలో పాతిన ముక్కని మాత్రమే 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు కరెంటుని ఎంత గట్టిగా ఆపుతోందో మెగోముల్లో కొలిచే మీటరు) చూడమనండి. 1 మెగోమ్ కంటే తక్కువ చూపిస్తే లోపం నేలలో ఉంది. బాగుంటే అప్పుడు మోటారు సంగతి చూడొచ్చు. మా పెరట్లో అదే గొయ్యి మళ్ళీ తెరిస్తే బియ్యపు గింజంత గాటు కనిపించింది, లోపల రాగి పచ్చగా చిలుమెక్కింది. నల్ల టేపు చుట్టి పూడ్చకండి, నేలలో అది నిలవదు. నేను ఆ ముక్క మొత్తం తీసేసి, కొత్త వైరుని పి.వి.సి. పైపులో దూర్చి వేశాను.

సమస్య: గీత గీసుకున్న చోట ఏమీ లేదు, పక్క గోతిలో పైపు పగిలింది

ట్యాంకు నుంచి కొళాయికి తాడు లాగి, పైపు ఆ తాడు కిందే ఉంటుందనుకుంటాం. ఒకచోట అలాగే మోసపోయాను. పాత మేస్త్రీని పిలిచి అడిగితే, "అక్కడ పనస చెట్టుండేది కదా బావూ, దాని సుట్టూ తిప్పి ఏసినాం" అన్నాడు. చెట్టు తుఫానుకి పోయింది, వంపు మాత్రం నేలలో ఉండిపోయింది.

కరెంటు మీటరు దాటాక కాంపౌండులో మనం వేసుకున్నదాని ప్లాను ఏ ఆఫీసులోనూ దొరకదు. వేసిన మనిషిని అడగాలి, పోయిన చెట్లు, పాత పాకలు, పూడ్చిన నూతులు ఎక్కడుండేవో ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలి. తర్వాత రెండు కొసల దగ్గరా చేత్తో అడుగు మేర మట్టి తీస్తే పైపు ఏ వైపు తిరిగిందో తెలుస్తుంది. దాన్నిబట్టి ముగ్గు పిండితో గీత పోసుకోండి. గీతకి అటూ ఇటూ రెండడుగులు జేసీబీ వద్దు, గునపం వద్దు, పారతో పైపైన తీయండి.

లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ తెచ్చినా ప్లాస్టిక్ పైపుని అది పట్టదు. ఖాళీ పైపైతే ఎలక్ట్రీషియన్లు వాడే స్ప్రింగు వైరు లోపలికి దూర్చండి, డిటెక్టర్ ఆ వైరుని పడుతుంది. అరచేతిలో కొబ్బరికాయతో నీటి జాడ చెప్పేవారి మీద మన ఊళ్ళలో నమ్మకం ఉంది. బోరు సంగతి మీ ఇష్టం, కరెంటు వైరు విషయంలో మాత్రం దాన్ని నమ్మి గునపం ఎత్తకండి.

సమస్య: తవ్వుతుంటే ఇటుకల వరుస తగిలింది

ఆపేయండి. కేబుల్ పాతేటప్పుడు ఇసుక పోసి, పైన ఇటుకలో పలకలో పరుస్తారు. విజయనగరం వైపు ఎర్ర నేలల్లో ఇటుక కంటే ముందు ఆ ఇసుకే రంగు మారి హెచ్చరిస్తుంది. ఉద్దానం ఇసుకలో ఆ తేడా తెలియదు, ఇటుకే మొదటి గుర్తు. ఒక్క ఇటుక కూడా ఎత్తకుండా లైన్‌మన్‌కి చెప్పండి, లేదా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. జేసీబీకి కేబుల్ తగిలితే డ్రైవరు సీట్లోంచి దిగకూడదు, కింద ఉన్నవాళ్ళు దగ్గరికి పోకూడదు. లైను ఆపేశారని కరెంటువాళ్ళు చెప్పేదాకా అంతే. మంటలు లేస్తే మాత్రం బండినీ నేలనీ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్ళూ కలిపి దూకాలి.

పసుపు రంగు టేపు కనిపిస్తే గ్యాస్ లైను కావచ్చు. కుళ్ళిన వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా అందరినీ దూరం పంపి, మీరూ దూరం వెళ్ళి అక్కడి నుంచి గ్యాస్‌వాళ్ళకి ఫోన్ చేయండి.

సమస్య: గేటు దగ్గర తవ్వాక కుళాయిలో మట్టి నీళ్ళు

వీధి పైపు నుంచి ఇంటికొచ్చే కనెక్షన్ చితికింది. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కి చెప్పండి. బాగుచేసేదాకా ఆ నీళ్ళు తాగకండి.

గొయ్యి పూడ్చే ముందు బయటపడ్డ వైరు పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీయండి. గోడ నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు, ఏ తేదీ అన్నది స్టార్టర్ డబ్బా తలుపు లోపల పెయింటుతో రాయండి.