మూతి వంకర పోయిందా? ముందు నుదురు చూడండి

పొద్దున పుక్కిలిస్తే నీళ్లు ఒక పక్క నుంచి కారిపోతాయి. ఆ పక్క కన్ను మూతపడదు, నవ్వితే మూతి రెండో పక్కకు గుంజుకుపోతుంది. దీన్నే మన దగ్గర మూతి వంకర అంటారు, కొందరు లఖ్వా అంటారు. పసరు మందుకో, పావురం నెత్తురు పూయించడానికో బయల్దేరకముందే ఒక్క పరీక్ష చేయండి: కనుబొమలు పైకెత్తమనండి.

నుదుటి మీద రెండు పక్కలా ముడతలు పడుతున్నాయి, మూతి మాత్రమే వంకర

తప్పు మెదడులో ఉండొచ్చు, అంటే పక్షవాతం (స్ట్రోక్) కావొచ్చు. నుదుటికి మెదడు రెండు సగాల నుంచీ నరాల సంకేతాలు అందుతాయి కాబట్టి ఒక సగం దెబ్బతిన్నా నుదురు కదులుతుంది. చెయ్యి, కాలు పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనబడినా, తూలుతున్నా నుదురు సంగతి పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి 4.5 గంటలే, అదీ సీటీ స్కాన్ తీశాకే. భూపాలపల్లి, ఏటూరునాగారం నుంచి వరంగల్ చేరడానికే గంటకు పైగా పోతుంది. తెల్లవారనిద్దాం అనుకోవద్దు.

నుదురు సహా ముఖంలో సగం కదలడం లేదు

ఎక్కువగా ఇది బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే ఏడో నరం చెవి వెనక ఎముకలోని సన్నని గొట్టం గుండా వస్తుంది. అక్కడ నరం వాస్తే ఉబ్బడానికి చోటుండదు, నలుగుతుంది. నరంలో దాగిన హెర్పిస్ వైరస్ మళ్లీ లేవడమే కారణమని ఎక్కువమంది వైద్యుల అనుమానం. షుగర్ ఉన్నవారికి, నెలలు నిండుతున్న గర్భిణులకు ముప్పు ఎక్కువ.

మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. పెద్దలకు సాధారణంగా రోజుకు 60 మి.గ్రా. చొప్పున 5 రోజులు, తర్వాత రోజూ 10 తగ్గిస్తూ మరో 5 రోజులు, పొద్దున తిన్నాక. డాక్టర్ రాసిందే వాడాలి, మధ్యలో ఆపొద్దు. షుగర్ ఉన్నవారు పరగడుపు రీడింగ్ బాగుందని నిశ్చింతగా ఉండొద్దు. ఈ మాత్రకు షుగర్ మధ్యాహ్నం, సాయంత్రం ఎగబాకుతుంది, అప్పుడే చూసుకోవాలి. కదలిక పూర్తిగా పోయినవారికి డాక్టర్లు వాలాసైక్లోవిర్ (వైరస్‌ను అణచే యాంటీవైరల్ మందు) కలుపుతారు, అదొక్కటే వాడితే ఫలితం లేదు.

కన్ను ఎర్రబడి మండుతోంది

మూతి చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. కన్ను అలా కాదు, ఆరిపోతే నల్లగుడ్డు పుండు పడుతుంది, మచ్చ మిగిలి చూపు తగ్గుతుంది. మందుల హడావిడిలో కంటిని మరవొద్దు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు మేలుకుని ఉన్నంతసేపూ గంటా రెండు గంటలకోసారి వేయాలి. రాత్రి కంటి ఆయింట్‌మెంట్ పెట్టి, వేలితో రెప్ప పూర్తిగా మూసి, పైన మైక్రోపోర్ టేపు అంటించాలి. ఊరికే దూదిగుడ్డ కడితే లోపల రెప్ప తెరుచుకుని గుడ్డ నల్లగుడ్డును రాస్తుంది. ఎనుమాముల మిర్చి యార్డులో, గ్రానైట్ క్వారీల్లో, బొగ్గు గనుల్లో పనిచేసేవారు కన్ను మూతపడేదాకా ఆ దుమ్ములోకి వెళ్లకపోవడమే మంచిది. తప్పనిసరైతే పక్కలు మూసిన అద్దాలు పెట్టుకోండి. నొప్పి, మసక వస్తే మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొనొద్దు, పుండు లోతుకు పోతుంది. అదే రోజు వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో చూపించండి.

ఇవి ఉంటే బెల్స్ పాల్సీ అనుకోవద్దు

చెవిలో నీటి పొక్కులు, భరించలేని పోటు ఉంటే అది సర్పి వైరస్, యాంటీవైరల్ తప్పనిసరి. చాలాకాలంగా చెవిలో చీము కారుతుంటే ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి. ఒంటిమీద స్పర్శ లేని మచ్చలుంటే కుష్టు పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. రెండు పక్కలా వచ్చినా, వారాల తరబడి మెల్లగా పెరుగుతున్నా న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి.

కదలిక ఎప్పుడొస్తుంది?

ఎక్కువమందికి 3 వారాల్లో మొదలవుతుంది. అద్దం ముందు మెల్లగా, చిన్న కదలికలే చేయండి. బలవంతంగా ముఖం బిగించడం వద్దు, కరెంటు పెట్టించడం వద్దు. కొత్తగా పెరిగే నరపు పోగులు దారి తప్పితే కన్ను మూసినప్పుడల్లా మూతి కదులుతుంది. 3 నెలలైనా పూర్తిగా రాకపోతే ఎమ్మారై తీయించి కారణం మళ్లీ వెతకాలి.