కలిసి పని చేయడం – 3వ పాఠం: పసుపు పుట, ఆకుపచ్చ పుట

గత పాఠంలో తెలుగు వికీసోర్స్‌లో, అంటే పాత పుస్తకాలను అందరూ కలిసి దిద్ది ఉంచే వెబ్‌సైటులో, ఖాతా తెరిచి, ఒక పాత పుస్తకపు సూచిక పేజీ (ఆ పుస్తకం పుటలన్నీ వరుసగా చూపే పేజీ) దాకా వచ్చాం. ఈసారి అందులో ఒక పుట దిద్దుదాం. పదిమంది కలిసి ఒకే పనిని పాడుచేయకుండా ఎలా చేయగలరో ఇంత స్పష్టంగా చూపించే చోటు తెలుగులో నాకు మరొకటి తెలియదు.

సూచిక పేజీలో పుటల అంకెలకు రంగులుంటాయి. ఎరుపు పుటలో యంత్రం గుర్తించిన పాఠ్యం అలాగే ఉంది, ఎవరూ సరిచూడలేదు. పసుపు పుటను ఒకరు అచ్చు పుట స్కాన్ బొమ్మతో పోల్చి దిద్దారు. ఆకుపచ్చ పుటను ఇంకొకరు మళ్లీ చూశారు. నీలం అంటే ఏదో చిక్కు ఉంది, బూడిదరంగు అంటే పాఠ్యం లేదు.

పసుపు చేసినవారికి అదే పుటను ఆకుపచ్చ చేసే అవకాశం సాఫ్ట్‌వేరే ఇవ్వదు. మీరు ఎంత పండితులైనా సరే, రెండో మనిషి రావలసిందే. ఇది మీ మీద అపనమ్మకం కాదు. తాను దిద్దిన పుటను తానే మళ్లీ చదివేటప్పుడు కన్ను అక్షరాన్ని చూడదు, మనసుకు తెలిసిన మాటను చూస్తుంది. తెలుగులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. యంత్రం మ, య లను తారుమారు చేస్తుంది, ఘ, ఝ లను కలిపేస్తుంది, ఒత్తులు మింగేస్తుంది, సున్నను అంకెగా మారుస్తుంది. వాక్యం అర్థమవుతూనే ఉంటుంది, తప్పు దాటిపోతుంది. అందుకే జాగ్రత్తగా ఉండమని బోధించి ఊరుకోకుండా, రెండో చూపును పనిముట్టులోనే అమర్చారు. బృందంగా చేసే ఏ పనిలోనైనా నేను మొదట వెతికేది దీన్నే.

ఇక దిద్దండి. ఒక ఎరుపు పుట తెరిచి మార్చు నొక్కితే ఒక పక్క బొమ్మ, మరో పక్క పాఠ్యం వస్తాయి. పంక్తి పంక్తీ పోల్చండి. పుట తల మీది పుస్తకం పేరు, పుట సంఖ్య అసలు పాఠ్యంలో కలవకూడదు. వాటికి వేరే పెట్టె ఉంది.

అసలు తగవు ఇక్కడ మొదలవుతుంది. అచ్చులో ‘వాఁడు’ అని అరసున్నతో ఉంది. మీరు ‘వాఁడు’ అని ఉంచారు, పక్క పుట దిద్దినవారు ‘వాడు’ అని మార్చారు. ఇద్దరిదీ శ్రద్ధే. కానీ రేపు ఆ పుస్తకంలో ఒక మాట వెతికే విద్యార్థికి సగం పుటలే దొరకవచ్చు. మరోచోట అచ్చులోనే ‘ప్రథమ’ అనవలసింది ‘ప్రధమ’ అని పడింది. సరిచేయాలని చేతులు తహతహలాడతాయి. ఆగండి. వికీసోర్స్ పని ఆ ముద్రణను ఉన్నది ఉన్నట్టు అందించడం. అచ్చుతప్పును ఎలా సూచించాలో ఆ పుస్తకం సూచిక చర్చ పేజీలో ముందే ఎవరైనా రాశారేమో చూడండి. లేకపోతే మీరే అడగండి.

నిర్ణయం ఏదైనా అక్కడే రాయాలి. ఫోనులో మాట్లాడుకుని తేల్చుకున్నది ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఆరు నెలల తర్వాత వచ్చే మూడో వ్యక్తి మీ ఫోను సంభాషణ చదవలేరు, చర్చ పేజీ చదవగలరు. చాలా బృందాలు ఈ ఒక్క చోటే దెబ్బతింటాయని నా నమ్మకం: సామర్థ్యం ఉంటుంది, స్నేహం ఉంటుంది, నిర్ణయాలు మాత్రం ఎక్కడా రాసి ఉండవు.

భద్రపరిచే ముందు, ఏమి మార్చారో రాసే సారాంశం పెట్టెను ఖాళీగా వదలకండి. ‘దిద్దాను’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ‘అరసున్నలు చేర్చాను, మూడో పేరాలో ఒక మాట అచ్చులో చెరిగింది, పోల్చుకోలేకపోయాను’ అని రాస్తే తర్వాత వచ్చేవారు నేరుగా ఆ మూడో పేరాకే వెళ్తారు. చెరిగిన మాటను ఊహించి పూరించవద్దు. ఆ పుటను నీలం చేయండి. తెలియదని గుర్తు పెట్టడానికి ఒక రంగే కేటాయించిన పద్ధతి ఇది. దాన్ని వాడుకోవడానికి మొహమాటం వద్దు.

అభ్యాసం: ఒక ఎరుపు పుటను పసుపు చేయండి. ఆ తర్వాత అదే పుస్తకంలో ఇతరులు పసుపు చేసిన పుటను ఒకటి తీసుకుని, ముందు దాని చరిత్ర (ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో చూపే జాబితా), సారాంశాలు చదివి, అప్పుడు బొమ్మతో పోల్చండి. తప్పు కనబడితే దిద్ది, ఎందుకు దిద్దారో రాసి, ఆకుపచ్చ చేయండి. వచ్చే పాఠంలో మీరు చేసిన మార్పును మరొకరు వెనక్కి తిప్పితే చర్చ ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. ఈలోగా మీ పసుపు పుటను ఎవరైనా ఆకుపచ్చ చేస్తే, వారు ఏమి మార్చారో చరిత్రలో తప్పకుండా చూడండి.