తెరచాప పడవ బిల్జ్‌లోకి నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం

పడవ అడుగున, క్యాబిన్ నేలపలకల కింద ఉండే పల్లాన్ని బిల్జ్ అంటారు. పడవలో ఏ మూల కారిన నీరైనా చివరికి అక్కడికే చేరుతుంది కనుక, నీరు కనిపించిన చోటే రంధ్రం ఉందని అనుకోకూడదు. ముందుభాగంలోని కిటికీ అంచు నుంచి దిగిన వాన నీరు లోపలి పలకల వెనకగా, వైర్ల వెంట జారి ఇంజిను కింద తేలవచ్చు. అందుకే ఎక్కడి నుంచి అన్న ప్రశ్నను కాసేపు ఆపి, అది ఎలాంటి నీరు, ఎప్పుడు వస్తోంది అన్నవి ముందు తేల్చుకోవాలి. టార్చిలైటు పట్టుకుని గంటల తరబడి వెతకడం కంటే ఈ రెండు జవాబులే ఎక్కువ దారి చూపుతాయని నా నమ్మకం.

అయితే నీటిమట్టం కళ్ల ముందే పెరుగుతుంటే ఈ పద్ధతులేవీ పనికిరావు. నీటి గీతకు, అంటే పడవ పక్కన బయటి నీరు తాకే మట్టానికి, 60 సెంటీమీటర్ల దిగువన 25 మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి సుమారు 60 లీటర్లు లోపలికి వస్తాయి. అప్పుడు పంపు వేసి, ఇంజిను ఆపి, పడవ గోడలోని నీటి రంధ్రాలను మూసే కవాటాలైన సీకాక్‌లన్నీ మూసి, గొట్టాలు ఊడాయేమో చూడాలి. ప్రతి సీకాక్ పక్కన దానికి సరిపడే మెత్తని కొయ్య బిరడాను కట్టి ఉంచడం ఈ క్షణం కోసమే. ఇక్కడ చెప్పబోయేది నెమ్మదిగా చేరే నీటి గురించి. అది కూడా తేలికగా తీసుకోవలసింది కాదు, సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు 4 లీటర్లు దాటుతుంది.

మొదట బిల్జ్‌ను పూర్తిగా ఎండబెట్టాలి. పంపు ఎప్పుడూ అడుగున కొంత నీటిని వదిలేస్తుంది, పైగా అది ఆగగానే గొట్టంలో మిగిలిన నీరు వెనక్కి దిగుతుంది. చాలామంది దీన్నే కొత్త లీకుగా పొరబడతారు. కాబట్టి మిగిలినదాన్ని స్పాంజితో తీసి, జిడ్డు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఆటోమేటిక్ పంపు ఉంటే అది నీటిని గుట్టుగా తోడేస్తూ సమస్యను కప్పిపెడుతుంది. పరీక్ష సమయంలో దాన్ని ఆపవచ్చు కానీ, మీరు పడవలో ఉన్నంతసేపు మాత్రమే. బిల్జ్ గదుల మధ్య నీరు పారడానికి ఉన్న చిన్న రంధ్రాలను తాత్కాలికంగా మెత్తని బంకమట్టితో మూస్తే, ఏ గదిలో ముందుగా నీరు చేరుతోందో తెలుస్తుంది. పరీక్ష ముగిశాక వాటిని మరిచిపోకుండా తెరవాలి.

తరువాత, చేరిన నీరు ఉప్పుదా, మంచిదా అన్నది తేల్చాలి. నాలుకతో రుచి చూసే అలవాటు చాలామందికి ఉంది, కానీ ఆ నీటిలో డీజిలు, నూనె, మరుగుదొడ్డి మురుగు కలిసి ఉండవచ్చు కనుక ఉప్పుశాతం కొలిచే చిన్న మీటరును వాడడం మంచిది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి కాబట్టి తేడా స్పష్టంగానే కనిపిస్తుంది. పడవ మంచినీటి సరస్సులో ఉంటే ఈ పరీక్ష పనిచేయదు, అప్పుడు తాగునీటి ట్యాంకులో ఆహారపు రంగు కలిపి, అది బిల్జ్‌లో తేలుతుందేమో చూడాలి.

మంచినీరైతే అది వాన నీరో, ట్యాంకు నీరో అయి ఉంటుంది. కుళాయిలన్నీ కట్టి ఉన్నా నీటి పంపు అప్పుడప్పుడు తనంతట తాను తిరుగుతుంటే ఎక్కడో ఒత్తిడి పోతున్నట్టే, గొట్టాల అతుకులతోపాటు వాటర్ హీటరులో ఒత్తిడి ఎక్కువైతే నీటిని వదిలే రిలీఫ్ వాల్వును కూడా చూడాలి. వాన కురిసిన తరువాతే చేరుతుంటే డెక్ మీది బిగింపులను, కిటికీలను, మాస్ట్ (తెరచాప కొయ్య) మొదలును అనుమానించాలి. మాస్ట్ డెక్‌ను దాటి కీల్ (పడవ అడుగున ఉండే బరువైన వెన్ను) మీద నిలిచే పడవల్లో, తాళ్లు బయటికి వచ్చే రంధ్రాల గుండా వాన నీరు మాస్ట్ లోపలి నుంచే దిగుతుంది, డెక్ దగ్గర ఎంత బిగించినా అది ఆగదు. డెక్ పరీక్షకు ఒకరు లోపల ఉండగా మరొకరు బయట గొట్టంతో, ఒత్తిడి లేకుండా, అన్నిటికన్నా కింద ఉన్న బిగింపుతో మొదలుపెట్టి పైకి వెళుతూ ఒక్కొక్కదాని మీద పది నిమిషాలు నీరు పారించాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏదీ తేలదు.

ఉప్పునీరైతే ఎప్పుడు అన్న ప్రశ్నే కీలకం. పడవ కదలకుండా కట్టి ఉన్నప్పుడు కూడా చేరుతుంటే నీటి గీతకు దిగువన ఉన్న సీకాక్‌లు, గొట్టాల క్లాంపులు, వేగం కొలిచే సెన్సరు, చుక్కాని కడ్డీ చుట్టూ నీరు రాకుండా ఆపే గ్లాండ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ చుట్టూ అదే పని చేసే స్టఫింగ్ బాక్స్ ముందు వరసలో ఉంటాయి. ఒక్కొక్కదాని చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి కొన్ని గంటలు వదిలేస్తే, వేలికి తెలియని తడి కూడా దాని మీద మచ్చలా కనిపిస్తుంది. పాత పద్ధతి ప్యాకింగ్ (షాఫ్ట్ చుట్టూ కూరే తాడు) ఉన్న స్టఫింగ్ బాక్స్ షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారడం సహజం, ఆ చుక్కలే దాన్ని చల్లబరుస్తాయి. పూర్తిగా ఆపాలని నట్టును మరీ బిగిస్తే షాఫ్ట్ వేడెక్కి అరుగుతుంది.

ఇంజిను నడిచినప్పుడే వస్తే సముద్రపు నీటి పంపు కింది చిన్న రంధ్రాన్ని, ఇంజినును చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజరును, ఎగ్జాస్ట్ గొట్టాన్ని చూడాలి. తిరిగే బెల్టులకు బట్టలు, చేతులు దూరంగా ఉంచాలి.

పడవ ఒరిగి ప్రయాణిస్తున్నప్పుడు మాత్రమే వచ్చే లీకు అన్నిటికంటే ఓపిక అడుగుతుంది, ఎందుకంటే రేవుకు చేరేసరికి ఆధారం మాయమవుతుంది. ఒక వైపే ఒరిగేలా ఒక గంట నడిపి, బిల్జ్ చూసి, ఆరబెట్టి, రెండో వైపు అలాగే నడపాలి. నీరు ఒక వైపు ఒరిగినప్పుడే చేరితే, అటు మునిగే డెక్ అతుకును, సింకు గొట్టాన్ని, చివరికి బిల్జ్ పంపు బయటి మూతిని కూడా పరీక్షించాలి. ఆ మూతి నీట మునిగితే, గొట్టంలో గాలి తీసుకునే వాల్వు లేని పడవలో సముద్రమే వెనక్కి పారుతుంది.

కీల్ బోల్టుల చుట్టూ తుప్పు మరకలో, కీల్ అతుకు వద్ద పగులో కనిపిస్తే అక్కడితో సొంత ప్రయత్నం ఆపి, పడవను ఒడ్డుకు ఎత్తించి నిపుణుడికి చూపించాలి. మిగతా ఏ మరమ్మతు చేసినా బిల్జ్‌ను మళ్లీ పొడిచేసి, లీకు మొదట కనిపించిన అవే పరిస్థితుల్లో, అంటే అదే వానలోనో, అదే వైపు ఒరిగినప్పుడో, ఇంకొకసారి చూడాలి. ఒకటి ఆగాక దాని చాటున దాగిన రెండోది బయటపడడం మామూలే.