వేసవిలో పెద్దవాళ్ళ ప్రయాణాలు: ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోండి

గుంటూరులో మా కాలనీ పెద్దల సంఘం తరఫున గుళ్ళకీ తోటలకీ ప్రయాణాలు ఏర్పాటు చేసే పని ఆరేళ్ళుగా నాదే. ఉగాది వెళ్ళిందంటే "ఈసారి ఎక్కడికమ్మా?" అని ఫోన్లు మొదలవుతాయి. ఎండలు కదా, రెండు నెలలు ఇంట్లోనే ఉండండి అని చెప్పేయడం తేలికే. కానీ పిల్లలు దూరాన ఉండి, ఒక్కరే ఉండే వాళ్ళకి ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయో నేను దగ్గరగా చూశాను. అందుకే మానేయమని అనను. ఎలా వెళ్ళాలో చెబుతాను.

మూడేళ్ళ క్రితం ఏప్రిల్ చివర్లో ఒక గుడికి బస్సులో వెళ్ళాం. పొద్దున్నే బయల్దేరాం, దర్శనం బాగా అయింది, పదకొండింటికి తిరిగి బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మగారు ఉన్నట్టుండి "మా చిన్నోడు స్కూల్ నుంచి వచ్చాడా?" అని అడిగారు. ఆ చిన్నోడికి ఇప్పుడు యాభై ఏళ్ళు. నిద్రమత్తు అనుకున్నాం. పది నిమిషాలకు మళ్ళీ అదే మాట. దగ్గరికి వెళ్ళి చూస్తే నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. దారిలో ఉన్న ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక సాయంత్రానికి తేరుకున్నారు. మర్నాడు చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పారు. "దారిలో బాత్రూములు ఎలా ఉంటాయోనని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేశానమ్మా. నా ఒక్కదాని కోసం బస్సు ఆపమని ఎలా అడగను?"

ఆ రోజు మా బస్సులో మంచినీళ్ళ సీసాలు పెట్టెలకొద్దీ ఉన్నాయి. మజ్జిగ ఉంది, గొడుగులు ఉన్నాయి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి. ఆవిడ బెరుకు లేకుండా వెళ్ళగలిగే బాత్రూమ్ ఒక్కటే లేదు. అప్పటి నుంచి నా లెక్క మారిపోయింది. "నీళ్ళు బాగా తాగండి" అని వందసార్లు చెప్పడం కంటే తాగిన నీళ్ళకి దారి చూపించడం ముందు పని.

బాత్రూమ్ ఏర్పాటు

వయసు పైబడితే దాహం సరిగా తెలియదు. ఒంట్లో నీళ్ళు తగ్గిపోయినా "నాకేం దాహం లేదమ్మా" అనే అంటారు. చెమట పట్టడం తగ్గుతుంది, కిడ్నీలు నీటిని పట్టి ఉంచే శక్తీ తగ్గుతుంది. దానికి తోడు మగవాళ్ళకి ప్రోస్టేట్ ఇబ్బంది, ఆడవాళ్ళకి దగ్గినా తుమ్మినా బట్టలు తడుస్తాయేమోనన్న భయం. ఇవి ఎవరూ బయటికి చెప్పరు. నీళ్ళు తాగడం మానేస్తారు, అంతే.

కాబట్టి ప్రయాణం ఖాయం చేసేముందు ఒకరు ఆ దారిలో వెళ్ళి రండి. వీలుకాకపోతే కనీసం ఫోన్లు చేసి కనుక్కోండి. బాత్రూమ్ ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు. వెస్టర్న్ కమోడ్ ఉందా, ఎన్ని మెట్లు ఎక్కాలి, నీళ్ళు వస్తున్నాయా, లోపల పట్టుకుని లేవడానికి ఏమైనా ఉందా అని అడగాలి. మోకాళ్ళు అరిగిన మనిషికి కింద కూర్చునే దొడ్డి ఉన్నా లేనట్టే. హైవే మీద పెట్రోల్ బంకుల్లో టాయిలెట్లు ఉంటాయి గానీ కొన్నిచోట్ల తాళం వేసి ఉంటుంది. బస్సు ఆగగానే, పెద్దవాళ్ళు దిగకముందే, ఒక కుర్రవాణ్ణి పంపి తాళంచెవి తెప్పించుకోవాలి.

గంటన్నరకోసారి బండి ఆపండి, ఎవరూ అడక్కపోయినా సరే. "ఎవరైనా దిగుతారా?" అని అడగొద్దు. అలా అడిగితే ఎవరూ చెయ్యెత్తరు. "టీ తాగుదాం, అందరూ దిగండి" అంటే మొహమాటం లేకుండా దిగుతారు. ఇది నేను చూసి నేర్చుకున్నదే. మందుల షాపుల్లో దొరికే మడత కమోడ్ కుర్చీ ఒకటి సంఘం డబ్బుతో కొన్నాం. ఒక పాత దుప్పటి, నాలుగు కర్రలు, బకెట్ తోడుంటే తోటల దగ్గర అదే బాత్రూమ్. పెద్దవాళ్ళ డైపర్లు వాడేవాళ్ళు ఉంటే వాళ్ళతో విడిగా, గౌరవంగా మాట్లాడి నాలుగు ఎక్కువే పెట్టుకోమనండి. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే మాట్లాడాలి.

ఒంట్లో నీళ్ళు చాలుతున్నాయా లేదా అన్నది మూత్రం రంగు చెబుతుంది. లేత పసుపు అయితే ఫర్వాలేదు, ముదురు రంగు అయితే నీళ్ళు చాలడం లేదు. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్నవాళ్ళకి మాత్రం ఎలాగూ ముదురు పసుపుగానే వస్తుంది, వాళ్ళు రంగును బట్టి టెన్షన్ పడక్కర్లేదు. ఎన్నిసార్లు వెళ్ళారో చూసుకుంటే చాలు.

మందుల డబ్బా

బీపీకీ గుండెకీ నీటి మాత్ర వేసుకునేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ప్రయాణం రోజు పదేపదే వెళ్ళాల్సి వస్తుందని చెప్పకుండా ఆ మాత్ర ఎగ్గొట్టేస్తారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. అలాగని మాత్ర వేసుకుని నీళ్ళు మానేస్తే ఇంకో ప్రమాదం. ప్రయాణానికి వారం ముందే డాక్టరుగారిని అడగాలి. ఆ రోజు మాత్ర ఏ వేళకి వేసుకోవాలి, రోజుకి ఎన్ని నీళ్ళు తాగొచ్చు అని. గుండె, కిడ్నీ జబ్బులున్న కొందరికి నీళ్ళ మీద పరిమితి ఉంటుంది. వాళ్ళకి "ఇంకో గ్లాసు తాగండి" అని ప్రేమగా పట్టించడం కూడా తప్పే.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్తరకం షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలో పంపేస్తాయి, దాంతోపాటు నీళ్ళూ పోతాయి. బీపీకీ గుండెకీ ఇచ్చే బీటా బ్లాకర్లు వేసుకునేవాళ్ళకి వేడిని తట్టుకునే శక్తి కొంత తగ్గుతుంది. మూత్రం ఆపుకోలేనివాళ్ళకి ఇచ్చే కొన్ని మాత్రలు చెమటను తగ్గిస్తాయి. ఇవేవీ సొంతంగా ఆపేవి కావు. ఎవరు ఏం వేసుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి జేబులో పెట్టించండి. ఇంటివాళ్ళ ఫోన్ నంబరు కూడా అందులోనే.

అరకు వైపో హార్స్‌లీ హిల్స్ వైపో వెళ్ళేటప్పుడు ఘాట్ రోడ్డులో వాంతులవుతాయని ఎవరో ఒకరు మాత్రలు పంచుతారు. దయచేసి అలా పంచొద్దు. ప్రోమెథజీన్ రకం మాత్రలు పెద్దవాళ్ళని మగతలో ముంచుతాయి, చెమట తగ్గిస్తాయి. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారికైతే మూత్రం రాకుండా ఆగిపోవచ్చు. ముందు సీట్లో కూర్చోబెట్టి, కడుపు నిండా తిననివ్వకుండా తీసుకెళ్తే చాలామందికి సర్దుకుంటుంది.

ఇన్సులిన్‌ను బస్సు డాష్‌బోర్డు మీద, డిక్కీలో పెట్టకూడదు. తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో సీసా తడవకుండా పెట్టుకోవచ్చు. ఐసు ముక్కలకి ఆనించి గడ్డకట్టిస్తే ఆ ఇన్సులిన్ పనికిరాదు. ఎండకి ఒళ్ళు వేడెక్కితే ఇన్సులిన్ తొందరగా ఒంటికి పడుతుంది, షుగర్ పడిపోవచ్చు. కాబట్టి చేతిలో కాస్త గ్లూకోజో చక్కెరో ఉండాల్సిందే.

ఏ రోజు మానుకోవాలి

వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాలులు. తీరానికి అంకె తక్కువ పెట్టడానికి కారణం ఉంది. ఉక్కపోతలో పట్టిన చెమట ఆరదు. ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. అందుకే రెంటచింతలలో 43 అని విని "మనకి 38 కదా" అని బాపట్ల వైపు వాళ్ళు ధైర్యం తెచ్చుకోకూడదు. మన రెండు రాష్ట్రాలకీ 2015 మే మరిచిపోలేనిది. ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా వడదెబ్బకు పోయారు.

ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో వడగాలులు ఉంటాయో ముందుగానే చెబుతోంది. ముందురోజు సాయంత్రం అది చూసి, మన మండలమో వెళ్ళే మండలమో అందులో ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. బస్సు అడ్వాన్సు పోతే పోనివ్వండి. నేను రెండుసార్లు పోగొట్టుకున్నాను, ఒక్కరూ నన్ను తప్పుపట్టలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే చివరి వారం నుంచి మృగశిర వచ్చేదాకా మేము ఊరు దాటి వెళ్ళం.

రాత్రంతా కరెంటు లేక నిద్రపోనివాళ్ళు, జ్వరం, విరేచనాలు తగ్గి రెండురోజులు కూడా కానివాళ్ళు ఆ పూటకి ఆగిపోవాలి. వాళ్ళ డబ్బు వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తామని ముందే చెప్పండి. లేకపోతే కట్టిన డబ్బు పోతుందని వచ్చేస్తారు.

మామిడితోటకి వెళ్తే ఇంకో జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఉన్నట్టుండి మబ్బు పట్టి పిడుగులు పడతాయి. ఉరుము వినబడితే చెట్టు కింద ఉండకుండా బస్సులోకి ఎక్కించి తలుపులు, అద్దాలు వేయించండి. పెద్దవాళ్ళు నడవడానికి టైం పడుతుంది కాబట్టి చినుకుల కోసం చూడొద్దు.

తినేవి, తాగేవి

చింతపండు పులిహోర నిలవుంటుంది, దద్దోజనం పదింటికల్లా తినేయాలి. రోడ్డు పక్క చెరకు రసంలో వేసే ఐసు ఏ నీళ్ళదో తెలియదు, వద్దు. మజ్జిగ, సబ్జా నీళ్ళు, తాటిముంజలు చాలామందికి మంచివే. మజ్జిగలో ఉప్పు మాత్రం ఎవరికి తగ్గట్టు వాళ్ళకి. కొబ్బరినీళ్ళు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మంచివి కావు, వాటిలో పొటాషియం ఎక్కువ. మంగళగిరి వెళ్తే పానకం ప్రసాదంగా ఒక గుక్క తీసుకోవచ్చు, షుగర్ ఉన్నవాళ్ళు గ్లాసులకొద్దీ తాగొద్దు.

ఓఆర్‌ఎస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. పండ్ల రుచులతో పెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు అసలైన ఓఆర్‌ఎస్ కావు. వాటి మీద ఆ పేరు వేయకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే కొనండి. లీటరు ప్యాకెట్టుని లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్టు వేసి ఇస్తే ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, గుట్టగా కాకుండా చెంచా అంచుకు సమంగా కొలిచి. ఊరికే సరదాగా తాగడానికి ఇది వద్దు. చెమటలు కారి నీరసించినప్పుడే.

గుడి దగ్గర

షుగర్ వల్ల అరికాళ్ళకి స్పర్శ తగ్గినవాళ్ళకి బండలు కాలుతున్నట్టు తెలియదు. ఇంటికొచ్చి చూసుకుంటే బొబ్బలు. అవి పుండ్లయి నెలల తరబడి మానవు. అందుకే దర్శనం తొమ్మిదిలోపు అయిపోవాలి. మందపాటి నూలు మేజోళ్ళు తెచ్చుకోమనండి, గుడివాళ్ళని అడిగి వేసుకోనివ్వండి. కొబ్బరిపీచు పట్టాల మీదుగా నడిపించండి. ప్రదక్షిణలు ఎండలో ఉంటే ఒక్కటి చాలు. రాత్రి పడుకునేముందు అరికాళ్ళు అద్దంలో చూసుకోమనండి, లేదా ఇంట్లోవాళ్ళని చూడమనండి.

బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టండి. ఏసీ ఆపేసి ఎండలో నిలబెట్టిన బస్సులో "కాళ్ళు నొప్పులు, నేను ఇక్కడే ఉంటాను" అని ఎవరినీ ఒంటరిగా ఉండనివ్వొద్దు. సీట్లోంచి లేచేటప్పుడు కాసేపు అంచున కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని లేవాలి.

హాల్లో కార్యక్రమాలు

యోగా, నడక పొద్దున ఏడుంపావు లోపు ముగించాలి. కపాలభాతి లాంటివి ఎండాకాలంలో బీపీ ఉన్నవాళ్ళతో చేయించకండి. రేకుల హాలైతే మధ్యాహ్నం పూట భజన, క్యారమ్స్ పెట్టొద్దు. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను చల్లబరచదు, వేడిగాలినే ఒంటి మీదికి కొడుతుంది. సన్మాన సభల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన కోసం ఎనభై ఏళ్ళవాళ్ళని గంటలకొద్దీ ఉక్కలో కూర్చోబెట్టకండి. అనుకున్న వేళకి మొదలుపెట్టి ముగించేయండి.

వడదెబ్బ అనిపిస్తే

తల తిరగడం, పిక్కలు పట్టేయడం, వాంతి వచ్చినట్టుండటం మొదటి గుర్తులు. నీడలో పడుకోబెట్టి, కాళ్ళ కింద ఎత్తు పెట్టి, బట్టలు వదులు చేసి గుక్క గుక్కగా ఓఆర్‌ఎస్ ఇవ్వండి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రి.

మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు పెనంలా కాలుతున్నా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధైర్యం చెప్పుకోవద్దు. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. మగతగా ఉన్నవాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు. మూతి వంకరపోయినా, ఒక చెయ్యి లేవకపోయినా అది పక్షవాతం కావచ్చు, ఒక్క నిమిషం ఆలస్యం చేయొద్దు.

ఇంటికొచ్చాక

ఎండ దెబ్బ కొందరికి ఆ రాత్రో మర్నాడో బయటపడుతుంది. అందుకని మేము మర్నాడు పొద్దున అందరికీ ఫోన్ చేస్తాం, ఒక్కొక్కరు ఐదుగురికి. మూడు ప్రశ్నలే అడుగుతాం. రాత్రి నిద్ర పట్టిందా? అన్నం సహించిందా? బాత్రూమ్‌కి మామూలుగా వెళ్తున్నారా? మూడోదానికి "రాత్రి నుంచి లేదమ్మా" అంటే వాళ్ళబ్బాయికి చెప్పి అప్పుడే డాక్టరు దగ్గరికి పంపిస్తాం.